పాట కింద రాయని పేరు

జిల్లా పేజీలో, ధాన్యం కొనుగోళ్ల వార్త కింద, అతని గురించి నాలుగు లైన్లు వేశారు. కోహెడ వైపు ఒక పెళ్లి ఊరేగింపులో డీజే బండి మీది ఇనుప ఫ్రేము కరెంటు తీగకు తగిలిందట. బండి మీదున్న ఆపరేటర్ అక్కడికక్కడే చనిపోయాడట. ఫొటో లేదు. శీర్షిక మాత్రం కాస్త పెద్దక్షరాల్లో ఉంది, 'డీజే ఆపరేటర్ మృతి' అని.

చదివి పేపరు మడిచాను. మళ్లీ విప్పి చదివాను. రాసిన విలేకరిది తప్పేమీ లేదు. పోయేనాటికి అతను చేస్తున్న పని అదే. అంతకుముందు అతను ఏం చేసేవాడో, ఆ బండి మీదికి ఎలా చేరాడో తెలిసిన మనుషుల్లో నేనొకణ్ణి. తెలిసీ నోరు మూసుకున్నవాళ్లలో మొదటివాణ్ణి.

సిద్దిపేట పాత బస్టాండు దగ్గర నాకు ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, పుట్టువెంట్రుకలు, రిటైర్మెంటు సన్మానాలు తీస్తాను. కొన్నేళ్ల కింద ఊళ్లో కుర్రాళ్లకు ర్యాప్ పాటల పిచ్చి పట్టింది. రికార్డింగ్ ఎక్కడ చేస్తారని వచ్చి అడుగుతుంటే, పై గదిలో ఒక మంచి మైకు, కంప్యూటరు పెట్టి, గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించి, మెట్ల దగ్గర బోర్డు కట్టాను. ఆ బోర్డు చూసి వచ్చాడు అతను.

లోపలికి రాగానే నమస్తే పెట్టలేదు. గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టాడు. తల వంచి విన్నాడు. నాలుగు మూలలకూ పోయి ఒక్కో చోటా అదే పని చేశాడు. తర్వాత గోడ మీది అట్టనొకదాన్ని గోటితో లేపి చూశాడు.

"అన్నా, గీ అట్టలు కోళ్లఫారమోనికి వాపస్ ఇయ్యి. గీటితోని సప్పుడు ఆగది. ఎలుకలొస్తయి, గంతే."

"టీవీల చూసిన తమ్మీ. అందరు గివే పెడ్తున్నరు."

"టీవీల వంటలు గూడ చూపిస్తరు. చూస్తే కడుపు నిండుతదా?"

మర్నాడు బండి వెనక బొంతలు కట్టుకుని వచ్చాడు. పాత చీరలు పొరలు పొరలుగా వేసి అతని భార్య కుట్టినవి. అట్టలన్నీ పీకి, గోడకు ఆనకుండా కొద్దిగా ఎడం ఉంచి, ఆ బొంతలు వేలాడదీశాడు. ఆ తర్వాత ఆ గదిలో మనిషి మాట్లాడితే మన చెవి పక్కనే కూర్చుని మాట్లాడినట్టు ఉండేది. నాకు భయం వేసింది, నిజం చెప్పాలంటే. గది నాది, అందులో ఏం జరుగుతుందో మాత్రం అతనికే తెలుసని ఆ రోజే అర్థమైంది.

అతను మంచివాడని రాయడానికి కూర్చోలేదు నేను. అతనితో వేగడం కష్టం. సన్నటి మనిషి, చొక్కా మెడ గుండీ కూడా పెట్టుకునేవాడు, జేబులో దువ్వెన లేకుండా కనబడేవాడు కాదు. ఎవరి పాటా నచ్చేది కాదు. టీ హోటల్లో పాట మోగుతుంటే, "గీ తబలా బాయిల పడ్డట్టున్నది" అని గట్టిగా అనేవాడు. ఒక పెళ్లిలో మైకు సెట్టువాడి దగ్గరికి పోయి "నీ బాక్సులు కుక్క మొరిగినట్టు మొరుగుతున్నయ్, జర తగ్గియ్" అని చెప్పి దెబ్బ తిన్నాడు. బుగ్గ పట్టుకుని తిరిగి వస్తూ కూడా, "కొట్టినంక తగ్గిచ్చిండు, చూసినవా" అన్నాడు నాతో.

మాట్లాడేటప్పుడు మన కళ్లలోకి చూసేవాడు కాదు. గొంతు వైపు చూసేవాడు. మొదటిసారి వచ్చినవాళ్లు ఇబ్బంది పడేవారు. ఊపిరి ఎక్కడ తీస్తున్నారో, ఎక్కడ బిగబడుతున్నారో చూసేవాడని తర్వాత తెలిసింది. హెడ్‌ఫోను ఒక చెవికే పెట్టుకునేవాడు. రెండో చెవి గదిలో మనిషి కోసం. రికార్డింగ్ రోజు పెరుగు తిననిచ్చేవాడు కాదు, చెప్పులు బయట విడిపించేవాడు, ఫ్యాను ఆపేవాడు. ఎండాకాలం ఆ బొంతల మధ్య పాడేవాళ్లు తడిసి ముద్దయ్యేవారు. పాడటం అయ్యాక వాళ్లు ఆశగా చూస్తే, చూపుడు వేలు గాలిలో సున్నా చుట్టి "మళ్ల" అనేవాడు. మళ్ల అంటే మళ్లీ పాడమని. ఎందుకో చెప్పేవాడు కాదు.

తాను ప్రొడ్యూసర్‌నని చెప్పుకునేవాడు. కింద హోటల్లో అందరూ నవ్వేవాళ్లు. "జేబుల చాయ్ పైసలు లెవ్వు, ప్రొడ్యూసరంట!" నాకూ నవ్వొచ్చేది. ఒకసారి విసుగొచ్చి అడిగాను, అసలు నువ్వు చేసే పనేంది తమ్మీ అని. దువ్వెన తీసి తల దువ్వుకుంటూ చెప్పాడు:

"బీటు చేసేటోడు బట్ట నేస్తడు. పాడేటోడు తొడుక్కుంటడు. నడుమ కొల్త దీసి, కత్తిరిచ్చి, 'గీ రంగు నీకు నప్పదురా' అని మొఖం మీద చెప్పేటోడు ఒకడు ఉండాలె గద. వాడు లేకుంటే అందరు ఒక్క తీరు అంగీలేసుకుని తిరుగుతరు."

ఆ కొలత తీయడం అంటే ఏమిటో నేను కళ్లారా చూసింది సలీం పాటప్పుడు.

సలీం బస్టాండు దగ్గర ఆటో నడిపేవాడు. ఇంట్లో దక్కనీ, బయట తెలుగు. ఖాకీ చొక్కా విప్పకుండానే వచ్చి, మడత పెట్టిన కాగితాలు తీశాడు. తాను సింహమని, ఊరంతా తన అడ్డా అని, ఎదురొచ్చినవాణ్ణి చీలుస్తానని పేజీల కొద్దీ రాసుకున్నాడు. రెండు చేతులూ ఊపుతూ చదివాడు.

"చేతులు జేబుల పెట్కొ."

"భాయ్, చేతుల్లేకుంటే ర్యాప్ రాదు."

"మైకుకు కండ్లు లెవ్వు."

జేబుల్లో చేతులు పెట్టుకుని చదివితే సగం బలం పోయింది. అతను సలీం గొంతు వైపే చూస్తున్నాడు.

"ఏంది భాయ్, గట్ల చూస్తవ్? గొంతు కోస్తవా?"

"సింహం గొంతు ఎట్లుంటదో చూస్తున్న. ట్రాఫిక్ పోలీసు వస్తే ఆటో ఎటు తిప్పుతవ్?"

"గల్లీలకు."

"సింహం గల్లీల దూరుతదా?"

నేను నవ్వాను. సలీం కూడా నవ్వాడు, కాని ముఖం ఎర్రబడింది. అతను కాగితాలు తీసుకుని ఒక్కో పేజీ తిప్పాడు. చివరి పేజీలో కొట్టేసిన ఒక లైను దగ్గర వేలు ఆగింది.

"గిదేంది? 'మా అబ్బా పెట్టెల వచ్చిండు' అని రాసి ఎందుకు కొట్టేసినవ్?"

"అది ప్రాస కుదరలె భాయ్."

"గదొక్కటి ఉంచు. మిగిలినవి తీసెయ్."

"క్యా భాయ్! ఎన్ని దినాలు కూసోని రాసిన!"

"గన్ని దినాలు రాస్తే ఒక్క లైను దొరికింది. సంతోషపడు. కొందరికి గది గూడ దొరకదు. మిగిలినవన్ని ఫోన్లకెల్లి దిగినయి, నీలకెల్లి కాదు."

సలీం లేచి పోతాడనుకున్నాను. పోలేదు. అతను ఫ్యాను ఆపాడు. ఒక గ్లాసు వేడి నీళ్లు ముందు పెట్టి, ఊరికే కబుర్లు అడిగినట్టు అడిగాడు, పెట్టె ఎట్లొచ్చిందిరా అని.

సలీం చెప్పాడు. తండ్రి దుబాయ్‌లో పని చేసేవాడు. అక్కడే గుండె ఆగి పోయాడు. "శంషాబాద్ పోయినం. కార్గో కాడ కాయిదాల మీద సంతకాలు. ఇంటికొచ్చినంక మేకులు పీకెటందుకు సుత్తె లేదు. పక్కింటి వడ్లాయన తెచ్చిండు. మూత లేపినం. గాడ దవాఖానల మా అబ్బా మీసం తీసేసిన్రు భాయ్. మా అమ్మికి గుర్తు రాలె. మమ్ముల చూసి 'యే కౌన్ హై' అన్నది."

ఇతనెవరు, అని అడిగిందట ఆ తల్లి. అప్పుడు చూశాను, అతని కుడి చేయి బల్ల కింద మౌసు మీద ఉంది. సలీం కూర్చున్న క్షణం నుంచి రికార్డు అవుతూనే ఉంది. ఎడమ చేతి వేళ్లు మోకాలి మీద మెల్లగా తాళం వేస్తున్నాయి. సలీం మాట్లాడే వేగాన్ని పట్టుకుంటున్నాడు. పాట వేగం అక్కణ్ణుంచి తీసుకున్నాడు. అంతకుముందు సలీం తెచ్చుకున్న బీటు దానికి రెండింతలు పరుగెత్తేది.

ఆ తర్వాత చాలా రోజులు నడిచింది ఆ పని. అతను ఒక్క మాట కూడా రాయలేదు. సలీం చేతనే రాయించాడు. "గిది అబద్ధం", "గిది నువ్వు అనవ్, సినిమాల హీరో అంటడు", "గీడ మీ అమ్మి పేరెత్తకు, సిగ్గుపడ్తది" అని ఒక్కొక్కటి తీయించాడు. కింద వేసే సంగీతం మళ్లీ మళ్లీ మార్చాడు. సలీం గొంతు బరువుగా ఉన్నచోట కింద బరువైన మోత తీసేశాడు, రెండూ ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయని. పాడేటప్పుడు సలీం ఏడిస్తే ఆపేసేవాడు.

"ఏడ్వకు. నువ్వు ఏడిస్తే వినేటోనికి పనేం మిగుల్తది? మళ్ల."

ఒక రోజు సలీం హెడ్‌ఫోన్లు బల్ల మీద పడేసి, "నక్కో భాయ్, నాతోని కాదు, మా అబ్బాతోని ఆడుకుంటున్నవ్ నువ్వు" అని మెట్లు దిగి వెళ్లిపోయాడు. కింద ఆటో స్టార్టయిన చప్పుడు వినిపించింది. నేను కంగారుగా లేచాను. అతను తల దువ్వుకుంటున్నాడు.

"కూసో అన్నా. స్టార్ట్ చేసిండు గాని గేరెయ్యలె. వస్తడు."

వచ్చాడు. ఆ రోజు పాడిందే పాటలో ఉంది. కోపంగా, ఏడుపు లేకుండా, ఎవరికో లెక్క అప్పజెబుతున్నట్టు. తల్లి అడిగిన ప్రశ్న మాత్రం కొత్తగా పాడించలేదు. మొదటి రోజు సలీంకు తెలియకుండా రికార్డు చేసిన ఆ గొంతునే తెచ్చి అక్కడ అతికించాడు.

మూత లేచే చోట సుత్తె చప్పుడు వేయమన్నాను నేను, గుండె జల్లుమంటుందని.

"ఏస్తే నాటకమైతది అన్నా."

అక్కడ అన్నీ ఆపేశాడు. డప్పు లేదు, మోత లేదు. సలీం ఊపిరి ఒక్కటి. మామూలుగా ఊపిరి చప్పుళ్లన్నీ ఏరి ఏరి తీసేసే మనిషి.

"తమ్మీ, గీడ కరెంటు పోయినట్టున్నది. ఫోను ఖరాబైందనుకుంటరు."

"అనుకోనీ. ఫోను చెవి కాడ పెట్టుకుంటరు గద. గప్పుడు ఊపిరి వినబడ్తది."

వీడియో నేనే తీశాను. కోమటి చెరువు కట్ట మీద సలీం నడుస్తుంటే, ఆటోలో కూర్చుంటే. నా యూట్యూబ్ చానెల్లో నేనే పెట్టాను. పాట కింద రచన, గానం సలీం అని రాశాను. సంగీతం అన్నచోట నా స్టూడియో పేరు, దాని పక్కన నా పేరు రాశాను. గది నాది, మైకు నాది, కంప్యూటరు నాది. అతను చూసి వచ్చి నిలబడ్డాడు.

"అన్నా, నా పేరేది?"

"మన స్టూడియో పేరుంది గద తమ్మీ. నువ్వు మనోనివే గద."

"నేను మనోన్నే. గని పాట విన్నోనికి నా చెయ్యి కనబడొద్దు. కనబడితే పని చెడ్డట్టు. గందుకే పేరు కాడన్న కనబడాలె. మాకు ఇంకో పని గా పేరు చూసే వస్తదన్నా. వేరే బోర్డు లేదు మాకు."

అతను ఎవరినీ ఏదీ బతిమాలిన మనిషి కాదు. ఆ ఒక్కటి అడిగాడు. మారుస్తాలే అన్నాను. మార్చడం ఎంతసేపు? పెళ్లిళ్ల సీజనని, రేపని, వారమని జరుపుతూ పోయాను. ఈలోగా పాట పాకిపోయింది. ఆటోల్లో, కాలేజీల్లో, గల్ఫ్ క్యాంపుల్లో ఉండేవాళ్ల ఫోన్లలో. అందరూ మాట్లాడుకున్నది ఆ ఆగిన చోటు గురించే.

ఒక యూట్యూబ్ వార్తల చానెలు వాళ్లు ఇంటర్వ్యూకు వచ్చారు. సలీం ఆ రోజు కిరాయికి పోయి ఆలస్యమయ్యాడు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. వాళ్ల లైటు స్టాండు ఊగుతుంటే అతనే వచ్చి దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. ఇంటర్వ్యూ చేసే పిల్ల ఉత్సాహంగా అడిగింది: "సార్, అమ్మ అడిగే ముందు అన్నీ ఆగిపోతాయి కదా, ఆ ఆలోచన ఎలా వచ్చింది మీకు?"

"అది... మా దగ్గర చావు ఇంట్ల ఒక్కసారి అంతా నిశ్శబ్దమైతది కదమ్మా. అది మనసుల మెదిలింది" అన్నాను.

ఎవరో చెప్పించినట్టు అంత చక్కగా వచ్చింది అబద్ధం. ఇరవై ఏళ్లుగా పెళ్లిళ్లలో "అన్నా, జర పక్కకు జరుగు" అనిపించుకున్న మనిషిని. మొదటిసారి కెమెరా నా వైపు తిరిగింది. ఇంతకుమించి కారణం లేదు, ఇది కారణమే కాదు. అతను లైటు కదలకుండా పట్టుకున్నాడు. ఇంటర్వ్యూ అయ్యాక వైర్లు చుట్టాడు. ఒక చుట్టు పైనుంచి, ఒక చుట్టు కిందనుంచి, మెలిక పడకుండా చుట్టడం అతని పద్ధతి. ఆ రోజు కూడా అలాగే చుట్టి, దారం కట్టి, మేకుకు తగిలించాడు.

ఆ తర్వాత హైదరాబాద్ నుంచి ఫోను వచ్చింది. పాటలు చేయించే ఒక కంపెనీ ఆయన. "ఆ పాట చేసింది ఎవరండీ?" అని అడిగాడు. ఆ మాట మీద నేను ఎన్నోసార్లు ఆగిపోతుంటాను. 'ఎవరు' అని అడిగాడు. జవాబు పై గదిలో కూర్చుని వేడి నీళ్లు తాగుతోంది. "నేనే సార్" అన్నాను.

వెళ్లాను. చల్లటి గది, గోడంత గాజు. అవతల ఒక అమ్మాయి ర్యాప్ పాడింది. పాడటం అయ్యాక అందరూ నా వైపు చూశారు. "బాగుంది" అన్నాను. ఇంకా చూస్తున్నారు. "ఎకో కొంచెం పెంచండి" అన్నాను. ఆ అమ్మాయి గాజు వెనకనుంచి సౌండు ఇంజినీరు వైపు చూసింది. ఆ పిల్లవాడు మర్యాదగా అడిగాడు, మీ పాటలో గొంతు అంత దగ్గరగా ఎలా వచ్చింది సార్, ఎంత దూరంలో నిలబెట్టారు అని. నాకు తెలియదు. బొంతలు అన్నాను. వాళ్లు జోకు అనుకుని నవ్వారు.

మధ్యాహ్నానికి వాళ్లకు అర్థమైపోయింది. కంపెనీ ఆయన తన గదిలోకి పిలిచి చాయ్ ఇప్పించాడు. మంచి మనిషి.

"ఏమనుకోకండి. ఆ పాట వెనక ఇంకెవరైనా ఉన్నారా? ఉంటే నంబరివ్వండి. మీకేం ఇబ్బంది రానివ్వను."

ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇంటర్వ్యూలో అబద్ధం ఊరంతా చూసింది. ఇది చూసినవాళ్లు లేరు. అప్పుడైనా పేరు చెప్పి ఉంటే సరిపోయేది. నేను దొంగనని అక్కడ అందరికీ తెలిసిపోయాక కూడా, కాపాడుకోవడానికి ఏమీ మిగలని ఆ చోట కూడా, "మా దగ్గర అందరం కలిసి చేస్తం సార్" అన్నాను.

తిరుగు బస్సు ప్రజ్ఞాపూర్‌లో ఆగితే దిగి మక్కకంకి కొనుక్కుని తిన్నాను. ఆయన నంబరు ఫోన్లో ఉంది. ఫోను జేబులో ఉంది. కంకి తిని బస్సెక్కాను.

"ఎట్లుండె అన్నా?" అని అడిగాడు అతను, నేను మెట్లెక్కగానే.

"ఏం లేదు తమ్మీ. ఊకెనే పిలిచిన్రు."

నా గొంతు వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. అతనితో అబద్ధమాడటం దండగని ఎందుకు మరిచిపోయానో తెలియదు. ఊపిరి ఎక్కడ బిగబట్టానో చూసి ఉంటాడు.

మర్నాటి నుంచి రాలేదు. బొంతలు కూడా తీసుకుపోలేదు. పాడే పిల్లలు కొన్నాళ్లు వచ్చి, నేను రికార్డు చేస్తే విని, రావడం మానేశారు. తర్వాత కొండపాకలో ఎవరో డీజే బండి పెడితే అందులో చేరాడని తెలిసింది. ఒక్క ఊపిరి వినిపించడానికి ఊరంతటినీ నిశ్శబ్దం చేసిన మనిషి, ఇంటి రేకులు అదిరే బాక్సుల పక్కన.

ఒకసారి ఎదురుపడ్డాం. పెళ్లి ఊరేగింపు నేను వీడియో తీస్తున్నాను. అతను బండి మీద ఉన్నాడు. రెండు చెవుల్లో దూది. కుర్రాళ్లు "పెంచన్నా, పెంచు" అని అరుస్తున్నారు. అతను పెంచుతున్నాడు. కెమెరా తిప్పబోతే అతని మీద ఆగింది. నన్ను గుర్తుపట్టి, నవ్వి, వేలితో గాలిలో సున్నా చుట్టాడు. మళ్ల. ఎగతాళి చేశాడో, అలవాటుగా చేశాడో. ఆ షాటు ఎడిటింగ్‌లో తీసేశాను.

దినాలు అయ్యాక చింతమడకలో వాళ్ల ఇంటికి పోయాను. భార్య కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. లేచి కుర్చీ వేసింది. ఏం చెప్పాలో తెలియక, సలీంకు ఫోన్ చేసి చెప్పానన్నాను. సలీం ఇప్పుడు షార్జాలో బండి నడుపుతున్నాడు.

"తెల్సు. చేసిండు నాకు. మస్తు ఏడ్చిండు" అంది. "పోయిన యాడాది హైదరబాద్ నుంచి ఫోనొచ్చింది అన్నా. గా కంపెనీ ఆయన సలీంను పట్టుకొని అడిగిండట. సలీం మా ఆయన నంబరిచ్చిండు. మీరే గద చేసింది, రాండ్రి అన్నరు."

"మరి పోలేదా చెల్లె?"

"ఏం పోతడు? అప్పటికే కుడి చెవుల ఎప్పుడు చూడు ఈగ మోగినట్టు మోగుతుండె. ఎడమ దాంట్ల సగమే వినబడ్తుండె. దవాఖానల చూపిస్తే బాక్సుల కాడ పని ఇడిసిపెట్టుమన్నరు. ఇడిసిపెడితే తినుడెట్ల? ఫోనొచ్చిన దినం నాకు చెప్పి నవ్విండు. ఇప్పుడు పోయి కూసుంటే మంచిదేదో చెడ్డదేదో నాకే తెల్వది, ఇజ్జత్ తీస్కోవాల్నా అన్నడు."

నేను ఫోను తీశాను. బయల్దేరే ముందే పాట కింద మార్చి వచ్చాను. ప్రొడ్యూసర్ అన్న మాట, పక్కన అతని పూర్తి పేరు, అన్నిటికన్నా పైన. ఆమెకు చూపించాను. చూస్తే కొంచెమైనా ఊరట పడుతుందనుకున్నాను. నిజానికి ఎవరికి ఊరట కావాలో ఆమెకు వెంటనే తెలిసిపోయింది.

చదివింది. పెదాలు కదిలాయి.

"తీసెయ్ అన్నా."

"చెల్లె, ఆయన అడిగింది గిదే..."

"అడిగినప్పుడు ఆయనకు చెవులుండె. గిప్పుడు గీ పేరు చూసి ఎవలు పిలుస్తరు? పిలిస్తే ఎవలు పోతరు?" గొంతు పెంచలేదు ఆమె. "చచ్చినంకనన్న పేరు పెట్టిండు, మంచోడు అని నిన్నే అంటరు. ఆయన పేరు మీద గా మంచితనం గూడ నువ్వే తీస్కుంటవా?"

కనీసం అతను చేసిన పనేమిటో నలుగురికీ తెలిసేలా రాస్తానన్నాను, పేపర్లో డీజే ఆపరేటర్ అని వేశారు కదా అని.

ఆమె మిషను మీది గుడ్డ సర్దుకుంటూ ఆలోచించింది.

"పని రాస్తే రాయి. చేసింది ఉన్నదున్నట్టు రాయి, నువ్వు చేసింది గూడ. పేరు రాయకు."

అందుకే ఇందులో అతని పేరు లేదు.

అక్కడే, ఆమె ముందే, తీసేశాను. అతని పేరు తీశాను, దాని కింద ఇన్నేళ్లుగా ఉన్న నా పేరూ తీశాను. ఆమె చేయి చాపి ఫోను తీసుకుంది. నిజంగా పోయిందో లేదో కిందిదాకా జరిపి చూసింది. పాట పెట్టలేదు. ఫోను నా చేతికిచ్చి, మిషను దగ్గరికి పోయి కూర్చుని, సూదిలోకి దారం ఎక్కిస్తూ అంది:

"ఇగ పో."